ఐదుగురి పార్టీ, ఎనిమిది మంచాల వార్డు

శాసనసభ్యుల వసతి గృహం, పద్నాలుగో గది
జూన్ 6

అక్కా,

ఫోన్లో చెప్పొచ్చుగా, ఈ కాగితాలెందుకురా అంటావని తెలుసు. ఫోన్లో అయితే నేను ఒక మాట అనేలోపు నువ్వు నాలుగు అంటావు. ఉత్తరంలో అయితే చివరిదాకా వినక తప్పదు. పైగా చిన్నప్పటి నుంచీ మనింట్లో పెద్ద తప్పులూ పెద్ద నిర్ణయాలూ కాగితం మీదే చెప్పుకున్నాం. ఇప్పుడు చెప్పబోయేది ఆ రెండింటిలో ఏదో నాకింకా తేలలేదు.

ముందు నా వైభవం విను. పద్దెనిమిదేళ్ళు బస్సులో కండక్టరుగా చేసి, రెండు పెద్ద పార్టీలవాళ్ళూ తమలో తాము తన్నుకున్న పుణ్యాన, రెండొందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచిన స్వతంత్ర సభ్యుణ్ణి కదా. వచ్చిన మొదటిరోజే భోజనాల హాల్లో ఒకాయన నన్ను ఎగాదిగా చూసి, "డ్రైవర్లకు అటువైపండీ" అన్నాడు. నేను మారుమాట్లాడకుండా అటువైపే వెళ్ళి తిన్నాను. అక్కడ కూర వేడిగా ఉంది. ఇప్పటికీ అక్కడే తింటున్నాను.

సభలో పార్టీలవాళ్ళకు గంటలు గంటలు ఇస్తారు. మాలాంటి ఒంటరిగాళ్ళకు రెండు నిమిషాలు, అదీ అందరూ లేచి వెళ్ళిపోయాక. మొన్న నా మొదటి ప్రసంగం. "అధ్యక్షా" అని మూడుసార్లు అని, గొంతు సవరించుకుని, "మా ఊరి ఆసుపత్రిలో ప్రసూతి వార్డు" అనేసరికి గంట కొట్టారు. గంట వినపడగానే నేను అలవాటు కొద్దీ ఆగి, ఎవరు దిగుతున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. మర్నాడు పేపర్లో నా మాట ఒక్కటీ రాలేదు గానీ ఆ వెనక్కి చూడటం వచ్చింది.

ఇక అసలు సంగతి. సభలో నాలాంటివాళ్ళం ఐదుగురం ఉన్నాం. ఒక లాయరు, ఒక లెక్కల టీచరమ్మ, కోళ్ళఫారం ఆయన, ఇటుకల బట్టీ ఆయన, నేను. ఐదుగురు కలిసి పార్టీ పెట్టుకుంటే ఒక గది, ఒక గుమాస్తా, రెండు నిమిషాల బదులు పన్నెండు నిమిషాలు ఇస్తారట. ప్రభుత్వానికి మూడు ఓట్లు తక్కువ. అంటే మా ఐదుగురి కోసం మంత్రులు గది గుమ్మం దాకా వస్తారన్నమాట. లాయరుగారు రోజూ టీ తాగుతూ చెబుతున్నాడు: "అటువాళ్ళు అటే లాగుతున్నారు, ఇటువాళ్ళు ఇటే లాగుతున్నారు. నడుమ ఉన్న మామూలు జనానికి దిక్కెవరు? మనమే ఒక మధ్యేవాద పార్టీ పెట్టాలి." ఆయన చెబుతుంటే నిజమే అనిపిస్తుంది. ఆయన వెళ్ళిపోయాక నేను ఊళ్ళో ఏమని ఓట్లడిగానో గుర్తొస్తుంది. "నేనెవరి మనిషినీ కాను. మన ప్రసూతి వార్డును మూయనివ్వను." రెండే రెండు మాటలు. పార్టీ పెడితే మొదటి మాట పోతుంది. పెట్టకపోతే రెండో మాట నిలబెట్టుకునే బలం ఉండదు.

నువ్వు అవునంటే పెడతాం. కాదంటే ఇంకోసారి అడుగుతాను.

నీ తమ్ముడు,
గౌరవనీయ కండక్టరు


ప్రసూతి వార్డు, నర్సుల గది
జూన్ 15

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం అందింది. డ్రైవర్ల వైపు కూర్చుని తినడం నువ్వు అక్కడికెళ్ళాక చేసిన తెలివైన పని. మానకు.

నువ్వు నీ వైభవం చెప్పావు కాబట్టి నాదీ విను. నేను ఎనిమిది మంచాల సామ్రాజ్యానికి మహారాణిని. అందులో ఒక మంచానికి కాలు విరిగితే నాలుగు ఇటుకలు పెట్టాం. ఆ మీ ఇటుకల బట్టీ ఆయనకు మా తరఫున నమస్కారాలు చెప్పు. మా డాక్టరమ్మ మంగళవారం, శుక్రవారం వస్తుంది. మిగతా రోజుల్లో నేనూ, ఇద్దరు చిన్న నర్సులూ, ఆయా, పైన దేవుడు. కళ్ళజోడు మూడుసార్లు పోగొట్టుకున్నాను, మూడుసార్లూ నా తలమీదే దొరికింది. ఇలాంటి మనిషి దగ్గరా నువ్వు రాజకీయ సలహా అడుగుతున్నావు!

స్వతంత్రులంటే ఎవరికి వారే యమునా తీరే అనుకునేవాళ్ళు కదరా. అలాంటి ఐదుగురు ఒక గదిలో కూర్చుంటే ఆ గుమాస్తాను తలుచుకుంటేనే జాలేస్తోంది. పార్టీ పెట్టమనీ చెప్పను, మానమనీ చెప్పను. నాకు తెలిసింది కాన్పు గది. అక్కడ ఐదుగురం ఉంటే ఒకళ్ళు చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. చెప్పేవాళ్ళు పొరపాటు చెబితే "ఆగండి" అనడానికి ఒక మనిషి ఉండాలి. మీలో చెప్పేదెవరు? ఆగండి అనేదెవరు? ఈ రెండూ తేల్చుకున్నాక పేరూ జెండా చూసుకోండి.

ఇంకో సంగతి. చిన్న ఆసుపత్రుల్లో ప్రసూతి వార్డులు మూసేయడానికి ఏదో జాబితా తయారైందని మా మందుల స్టోరు గుమాస్తా అంటున్నాడు. మన పేరు అందులో ఉందా? కనుక్కుని రాయి.

అక్క


శాసనసభ్యుల వసతి గృహం
జూలై 12

అక్కా,

పార్టీ పెట్టేశాం. జూలై పదో తారీఖున, ఎంతో ఐకమత్యంతో, మూడు గొడవల మధ్య.

మొదటి గొడవ పేరు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, చేసిన పనేమీ లేకుండా పేరు కోసం నాలుగు గంటలు కూర్చున్నాం. లాయరుగారు చెప్పిన పేరు మొత్తం పలకాలంటే మా పన్నెండు నిమిషాల్లో సగం అయిపోతుంది. కోళ్ళఫారం ఆయన "కొత్త" అనే మాట ఉండాలన్నాడు, టీచరమ్మ రెండేళ్ళకు అది పాతబడుతుంది గదా అంది. చివరికి "సమతూక ప్రజావేదిక". కిరాణా కొట్టులా ఉందని నాకు అనిపించింది, కానీ అప్పటికి ఆకలి దంచేస్తోంది.

రెండో గొడవ అధ్యక్షుడు. రహస్య ఓటింగు పెట్టాం. ఐదు చీటీలు. టీచరమ్మ విప్పి చదివింది. ఐదుగురికీ తలా ఒక ఓటు. అక్కా, అబద్ధం ఎందుకు, నేనూ నాకే వేసుకున్నాను. మిగతా నలుగురూ మర్యాదస్తులు, వేరేవాళ్ళకు వేస్తారనుకున్నాను. వాళ్ళూ నా గురించి అదే అనుకున్నారట. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరని ఎవరూ పైకి అనలేదు గానీ, ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు. రెండోసారి పెట్టాం. ఈసారి సిగ్గుతో అందరం కుడిపక్క కూర్చున్నవాళ్ళకు వేశాం. బల్ల గుండ్రంగా ఉంది. మళ్ళీ తలా ఒకటి. నెలకొకరు చొప్పున అధ్యక్షులుగా ఉందామని తీర్మానించాం. నా వంతు నవంబరులో. ఆ నెల సభకు సెలవు.

మూడో గొడవను తీర్చింది మాత్రం నేనే. పెద్ద పార్టీల్లో పైవాడు హుకుం జారీ చేస్తాడు, కిందివాళ్ళు చేతులెత్తుతారు. మనం అలా కాకూడదు, అలాగని తలో దారీ పట్టకూడదు, మరెలా అని తల పట్టుకున్నారు. నేను లేచి ఒక నియమం చెప్పాను: ఏ విషయమైనా ఐదుగురికీ నచ్చే మాట దొరికేదాకా బేరమాడాలి. దొరికాక ఐదుగురూ దానికే ఓటు వేయాలి. వేయనివాళ్ళు పార్టీలో ఉండకూడదు. లాయరుగారు లేచి నాతో చేయి కలిపి, "ఇన్నాళ్ళూ మీరు కండక్టరనుకున్నాను" అన్నాడు. అది పొగడ్తో తిట్టో తెలియలేదు, పొగడ్తగానే పుచ్చుకున్నాను.

ఇక నువ్వడిగిన జాబితా గురించి. ఇక్కడ రోజుకో జాబితా తిరుగుతుంది. కంగారు పడకు. నేనున్నాను కదా.

నీ తమ్ముడు,
సమతూక ప్రజావేదిక, నవంబరు నెల అధ్యక్షుడు


నర్సుల గది
జూలై 20

చిన్నోడా,

మూడు పేజీలు రాశావు. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. కానీ అడిగినదానికి జవాబు లేదు.

చిన్నప్పుడు నా గడియారం ముళ్ళు విరగ్గొట్టినప్పుడు కూడా "కంగారు పడకు, నేనున్నాను కదా" అనే అన్నావు.

జాబితాలో మన వార్డు ఉందా, లేదా? ఒక్క ముక్కలో రాయి. నీకు చెప్పాల్సింది నా దగ్గరా ఒకటుంది. ముందు నీది తేలనీ.

అక్క


సమతూక ప్రజావేదిక కార్యాలయం
ఆగస్టు 9

అక్కా,

ఉంది.

జూన్ మొదటివారం నుంచీ తెలుసు. మొత్తం పంతొమ్మిది వార్డులు, ఏడాదికి మూడొందల కాన్పులకన్నా తక్కువ జరిగేవి. మనది పదకొండోది. నీకు చెప్పలేదు. ముప్ఫై ఏళ్ళు ఆ వార్డే నీ ప్రపంచం, చెబితే నువ్వు అన్నం మానేస్తావని భయం. నా మాట పోతుందనీ భయమే. రెండింటిలో ఏది ఎక్కువో అడగకు.

కానీ తిట్టేముందు శుభవార్త విను. వార్డును కాపాడాను!

బిల్లు మా పార్టీ ముందుకొచ్చింది. కోళ్ళఫారం ఆయన మూసేయమన్నాడు, ఖర్చు దండగ. ఇటుకల ఆయన కూడా అదే తన మాటన్నాడు. టీచరమ్మ కూడా మూసేయమనే అంది, పెద్దాసుపత్రుల్లో ప్రాణాలు తక్కువ పోతున్నాయని ఏవో అంకెలు చూపించింది. లాయరుగారూ నేనూ ససేమిరా అన్నాం. నియమం ప్రకారం ఐదుగురికీ నచ్చే మాట దొరకాలి. రెండురోజులు దొరకలేదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. మూడోరోజు నాకు మన డిపో గుర్తొచ్చింది. ఆఖరి బస్సు రద్దు చేయాలా వద్దా అని గొడవైతే, పోయే ట్రిప్పు ఉంచి వచ్చే ట్రిప్పు తీసేశాం కదా. ఇరుపక్షాలూ శాంతించాయి. సరిగ్గా అలాగే లేచి చెప్పాను: "వార్డులు మూయొద్దు. పూర్తిగా తెరవనూ వద్దు. ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా నడుపుదాం."

ఐదుగురూ చేతులెత్తారు. మంత్రిగారు మా గది దాకా వచ్చి, కుర్చీ లేక గుమ్మంలో నిలబడే ఒప్పుకున్నాడు. పేపర్లు "మధ్యేవాదుల తొలి విజయం" అని రాశాయి. నా ఫొటో వేశారు, ఈసారి ముందుకు చూస్తున్నదే.

ఇరవై ఐదున ఓటింగు. నువ్వు హాయిగా పగటి డ్యూటీ చేసుకోవచ్చు. ఇప్పుడు నీ సంగతేమిటో చెప్పు.

నీ తమ్ముడు


నర్సుల గది
ఆగస్టు 14

చిన్నోడా,

నీ శుభవార్త మా ఆయాకు చదివి వినిపించాను. ఎనిమిది నుంచి ఆరు దాకా అనగానే చీపురు పక్కన పెట్టి పావుగంట నవ్వింది. నవ్వడం అయ్యాక అడిగింది: "ఆరున్నరకు తల కనపడితే లోపలికి తొయ్యాలా సిస్టర్?"

నేను పోయినేడాది రిజిస్టరు తీసి చూశాను. రెండొందల అరవై ఒక్క కాన్పులు. అందులో నూట నలభై తొమ్మిదిమంది మీ పార్టీ సమయాలు తెలియక పుట్టేశారు. చదువుకోని పిల్లలు, ఏం చేస్తాం.

మన డిపో ఆఖరి బస్సు సంగతి రాశావు. ఇరుపక్షాలూ శాంతించలేదురా. జనం అవతలి ఊళ్ళో ఇరుక్కుపోయారు.

ఇక నవ్వులు చాలు. నాది చెబుతాను.

మే నెలలో ఇద్దరు తనిఖీ అధికారులు వచ్చి నాలుగు పేజీల కాగితం ఇచ్చారు. మంచాలెన్ని, పరికరాలేవి, అన్నీ అడిగి చివర ఒక ప్రశ్న: "ఈ వార్డును కొనసాగించవచ్చునా?" నేను రాశాను: ఇద్దరు డాక్టర్లు ఎప్పుడూ అందుబాటులో ఉంటే కొనసాగించవచ్చు. లేకపోతే కొనసాగించకూడదు. కింద సంతకం పెట్టాను. నా చేత్తోనే, నా వార్డు మీద.

ఎందుకంటే మార్చిలో ఒక శనివారం మధ్యాహ్నం పాలబూత్ అమ్మాయి వచ్చింది. తొలి కాన్పు. అంతా బాగానే ఉందనుకున్నాం, ఉన్నట్టుండి రక్తం ఆగలేదు. డాక్టరమ్మ వచ్చే రోజు కాదు. పెద్దాసుపత్రి నుంచి అంబులెన్సు రావడానికి యాభై నిమిషాలు. నాకు తెలిసిందంతా చేశాను. అమ్మాయి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఆ బిడ్డను తువ్వాలులో చుట్టి, ఆ అమ్మాయి అత్తగారి చేతుల్లో పెట్టింది నేనే. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. "మీరుండబట్టి కోడలైనా దక్కింది" అంది. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఏడుపు ఆగదు. ఎందుకంటే అది నిజం కాదు. మా తలుపు తెరిచి ఉండబట్టే వాళ్ళు ఇక్కడికొచ్చారు. మూసి ఉంటే పొద్దున్నే పెద్దాసుపత్రికి వెళ్ళేవాళ్ళు.

నీకెందుకు చెప్పలేదంటే, నీ కరపత్రం మీద నా వార్డు బొమ్మ ఉంది. ఊరు నిన్ను గెలిపించింది దానికే. నేను నోరు తెరిస్తే నిన్ను అబద్ధాలకోరును చేసినట్టవుతుంది. అందుకని మింగలేక కక్కలేక కూర్చున్నాను. అది నా తప్పు.

కానీ చిన్నోడా, కరపత్రం అచ్చేసేముందుగానీ, గెలిచాకగానీ, ఆ ఎనిమిది నుంచి ఆరు ముచ్చటకు ముందుగానీ, ఒక్కసారైనా "అక్కా, నీ వార్డు ఎలా నడుస్తోంది?" అని అడిగావా? ఐదుగురికి నచ్చే మాట కోసం మూడురోజులు కూర్చున్నారు. ఆ ఐదుగురిలో కాన్పు చేసినవాళ్ళెవరు?

నడుమ నిలబడటం తప్పని నేననను. మూసేయండి అనేవాళ్ళకూ, ముట్టుకోవద్దు అనేవాళ్ళకూ నడుమ నేనూ ఉన్నాను. పూర్తిగా నడపండి. చేతకాకపోతే పూర్తిగా మూసి, ఊళ్ళోనే ఒక అంబులెన్సు పెట్టి, అందులో నర్సును కూర్చోబెట్టండి. సగం తలుపు మాత్రం తెరవొద్దు. అది అన్నిటికన్నా ప్రమాదం. ఐదున్నరకు నొప్పులతో వచ్చిన మనిషిని ఆరింటికి ఏం చేయను?

నా మాట విని ఏం చేస్తావో నీ ఇష్టం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన ఇంటి అలవాటే.

అక్క


శాసనసభ్యుల వసతి గృహం, మళ్ళీ పద్నాలుగో గది
ఆగస్టు 27

అక్కా,

వార్డు మూయించాను.

పేపర్లో చూసే ఉంటావు. అయినా నా నోటితో చెప్పాలి కాబట్టి మొదటి ముక్కగా రాశాను. మిగతాది నింపాదిగా రాస్తాను. ఇప్పుడు నాకు గది లేదు, గుమాస్తా లేడు, తీరిక మాత్రం బోలెడు.

నీ ఉత్తరం పట్టుకుని పార్టీ సమావేశానికి వెళ్ళాను. మన ఒప్పందం తప్పు, మార్చుకుందాం అన్నాను. లాయరుగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఐదుగురూ ఒప్పుకున్నదానికి ఐదుగురూ కట్టుబడాలి. నియమం తమరిదే కదండీ" అన్నాడు. ఆ నియమం నాదేనని నెలరోజులుగా కనపడ్డ ప్రతివాడికీ చెప్పుకున్నాను, ఇప్పుడు కాదనే మొహం లేదు. కోళ్ళఫారం ఆయన, "పేపర్లో వచ్చేసింది గదా, ఇప్పుడు మారిస్తే నవ్వరూ?" అన్నాడు. టీచరమ్మ మాత్రం రిజిస్టరు అంకెలున్న పేజీ అడిగి తీసుకుని, పెన్సిలుతో ఏవో గీతలు గీసుకుంటూ కూర్చుంది.

ఇరవై ఐదున సభలో లేచాను. పార్టీ మాట దాటాను కాబట్టి పన్నెండు నిమిషాలు లాయరుగారికి, నాకు పాత రెండు నిమిషాలే. ఈసారి "అధ్యక్షా" ఒక్కసారే అన్నాను. ఎనిమిది నుంచి ఆరు అనే ముక్క నాదేనని, అది బుద్ధి తక్కువ ముక్క అని చెప్పాను. మీ ఆయా అడిగిన ప్రశ్న చదివాను. సభంతా పగలబడి నవ్వింది. తర్వాత నూట నలభై తొమ్మిది చదివాను. నవ్వు ఆగింది. తర్వాత నువ్వు మే నెలలో రాసిన రెండు వాక్యాలు చదివాను, అవి ఆ వార్డు పెద్ద నర్సు రాసినవని చెప్పాను. నీ పేరు చెప్పలేదు, అక్కవని చెప్పలేదు. పాలబూత్ అమ్మాయి సంగతి ఎత్తలేదు, అది వాళ్ళది. మళ్ళీ నిన్ను అడగకుండానే చేశాను. ఈ జబ్బు ఒక్కరోజులో పోయేది కాదులే.

నేను రెండు సవరణలు పెట్టాను. ఒకటి, ప్రతి వార్డుకూ ఇద్దరు డాక్టర్లు. అది కుదరకపోతే రెండోది, పూర్తిగా మూసి ప్రతి ఊళ్ళోనూ నర్సుతో సహా ఎప్పుడూ సిద్ధంగా ఉండే అంబులెన్సు. బలపరిచేవారెవరని అడిగారు. ఎవరూ లేవలేదు. నేను ముందుకే చూస్తూ నిలబడ్డాను, వెనక్కి చూసే ధైర్యం లేదు. అప్పుడు మా వరసలోంచి టీచరమ్మ గొంతు వినపడింది. "నేను బలపరుస్తున్నాను. మా పార్టీ చేసిన లెక్క తప్పు. తప్పని తెలిశాక కూడా మార్కులు వేసే అలవాటు నాకు లేదు."

మొదటి సవరణ ఓడిపోయింది. పంతొమ్మిది ఊళ్ళకు అంతమంది డాక్టర్లు లేరన్నాడు మంత్రి. రెండోదానికి ఒప్పుకున్నాడు. అక్కా, నిజం చెప్పాలంటే అక్కడే నాకు దారి దొరికింది. మొదటిదానికి పోరాడాను, ఓడాను అని ఊళ్ళో చెప్పుకుని, రెండోదానికి ఓటు వేయకుండా బయటికెళ్ళి టీ తాగొచ్చు. మాట నిలబెట్టుకున్నట్టే ఉంటుంది. కాళ్ళు తలుపు వైపు రెండడుగులు వేశాయి కూడా. ఓటు వేయకపోతే సవరణ పోయి, నా ఎనిమిది నుంచి ఆరే నిలుస్తుందని గుర్తొచ్చి వెనక్కొచ్చాను. చెయ్యెత్తాను. ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ఆ ఒక్కటీ నాదే అనుకుంటున్నాను. టీచరమ్మ కళ్ళెర్రజేస్తే చెయ్యెత్తిన ఇటుకల ఆయన కూడా తనదే అనుకుంటున్నాడు.

నలభై ఆరు రోజుల వయసులో సమతూక ప్రజావేదిక కన్నుమూసింది. గదికి తాళం వేశారు. నవంబరు నెల అధ్యక్షపదవి కూడా పోయింది. లాయరుగారు నాతో మాట్లాడటం లేదు. కోళ్ళఫారం ఆయన మాత్రం గుడ్లు పంపాడు, ఎందుకో తెలియదు.

నిన్న టీచరమ్మ అడిగింది, ఇద్దరమే అయినా సరే, మళ్ళీ ఒక పార్టీ మొదలుపెడదామా అని. మా అక్కను అడిగి చెబుతానన్నాను. ఆవిడ నవ్వలేదు, "మంచిది, అడగండి" అంది.

ఊరికి రావాలంటే భయంగా ఉంది. మూయనివ్వనని చెప్పి గెలిచి, నా చేత్తోనే మూయించాను. ఎవరి ఎదుటికి ఏ మొహం పెట్టుకుని వస్తాను?

ఇంకోటి. నీ ఉద్యోగం ఏమవుతుంది? నువ్వు ఎలా ఉన్నావు? ఇది జూన్‌లో మొదటి ఉత్తరంలో మొదటి వాక్యంగా అడగాల్సింది.

నీ తమ్ముడు


అంబులెన్సు షెడ్డు, పాత ప్రసూతి వార్డు పక్కన
అక్టోబరు 3

చిన్నోడా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. బండిలో కూర్చుని రాస్తే అక్షరాలు గంతులేస్తాయి, దిగితే పని.

నా ఉద్యోగం ఉంది. మంచం నుంచి సీటుకు మారింది, అంతే. అంబులెన్సులో వెనక సీటు. ఈ వయసులో నడుము పట్టేస్తోంది, బెల్టు పెట్టుకోవడం మర్చిపోతే డ్రైవరు కుర్రవాడు నన్ను మందలిస్తున్నాడు. ముప్ఫై ఏళ్ళు అందరినీ మందలించిన పాపం ఇలా తీరుతోంది.

వార్డుకు తాళం వేసినరోజు ఏడ్చాను. సరైన పనే అని తెలిసీ ఏడ్చాను. ఎనిమిది మంచాలూ ఒకసారి తుడిచి, ఆ ఇటుకల మంచం మీద కాసేపు కూర్చుని బయటికొచ్చాను. తాళంచెవి ఆఫీసులో ఇస్తుంటే చెయ్యి రాలేదు. నీమీద కోపం కూడా వచ్చింది. ఎంతైనా మనిషిని కదా.

ఊరు సంగతి దాచను. నీ ఆఫీసు షట్టరు మీద "కండక్టరు దారిలో దింపేశాడు" అని రంగుతో రాశారు. రాసినవాడెవడో గానీ చేతిరాత బాగుంది. కాఫీ హోటల్లో నీ పేరెత్తితే గ్లాసులు గట్టిగా పెడుతున్నారు. పోయినవారం ఆసుపత్రి వరండాలో జనం పోగై నిన్ను నానా మాటలూ అంటుంటే, నేను మెట్లెక్కి నిలబడి చెప్పాను: మూసేయమని రాసింది నేను, మే నెలలో, నా సంతకంతో. వాడు చేసిందల్లా చదవడమే. మార్చి సంగతి కూడా, ఎవరిదో చెప్పకుండా, చెప్పాను. కొందరు విన్నారు. కొందరు ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం లేదు. వాళ్ళలో నా చేతుల్లో పుట్టినవాళ్ళే నలుగురున్నారు. బాధగానే ఉంది.

సెప్టెంబరులో పదకొండుసార్లు బండి కదిలింది. పదకొండుమందీ క్షేమంగా చేరారు. ఒక పిల్ల మాత్రం ఆగలేక దారిలో పెట్రోలు బంకు దగ్గరే పుట్టింది. పంపు కుర్రాళ్ళు వరసగా నిలబడి రోడ్డువైపు తిరిగి కాపలా కాశారు. వచ్చేనెల ఎలా ఉంటుందో తెలియదు. ఒక్కటి తేడా వచ్చినా ఊరు మన ఇద్దరినీ కలిపి తిడుతుంది.

టీచరమ్మతో పార్టీ సంగతి అడిగావు. నిన్ను అందరిముందూ తప్పని అనగలిగిన మనిషి ఆవిడ, అన్నాక నీ పక్కనే నిలబడింది కూడా. అలాంటివాళ్ళు దొరికితే ఇద్దరైనా చాలు. ఓట్లు పెట్టుకునేటప్పుడు మాత్రం బల్ల మార్చండి.

ఇంటికి రా. మొహం సంగతి తర్వాత చూసుకుందాం, ఉన్నదే కదా తెచ్చుకోవాలి.

ఒక మాట ఇన్నాళ్ళూ దాచాను. నువ్వు గెలిచిన ఎన్నికల్లో నేను నీకు ఓటు వేయలేదు. కరపత్రం మీద నా వార్డు బొమ్మ చూసి, నన్ను అడగలేదన్న కోపంతో ఖాళీ కాగితం మడిచి పెట్టెలో వేసొచ్చాను. ఆ రాత్రి ఊరంతా నిన్ను భుజాల మీద మోస్తుంటే నేను కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను.

ఈసారి ఎన్నికలొస్తే నువ్వు ఓడిపోతావు. ఊరంతా అంటోంది, నాకూ అలాగే అనిపిస్తోంది. అయినా నిలబడు. ఈసారి నా ఓటు నీకే.

అక్క